ఐర్లాండ్‌లో రగ్బీ లీగ్ పెరగాలంటే మొదటి యూరో ఎక్కడ పెట్టాలి?

డబ్లిన్‌లో జూన్ నెలలో రాత్రి పదింటికి కూడా వెలుతురు పోదు. ఆ వెలుతురును వదులుకోలేక మా ఆఫీసువాళ్ళు వారానికో సాయంత్రం ట్యాగ్ రగ్బీ ఆడతారు. మనుషులు తక్కువయ్యారని ఒకరోజు నన్ను కూడా లాగారు. నడుముకి రెండు పక్కలా రెండు పట్టీలు అతికించుకుంటాం. బంతితో పరిగెత్తేవాడి పట్టీ ఊడబీకితే వాడు దొరికిపోయినట్టు లెక్క. అక్కడే ఆగి, కాలితో బంతిని వెనక్కి దొర్లించి ఆట మళ్ళీ మొదలుపెడతాడు. ఆరుసార్లు దొరికిపోతే బంతి అవతలి జట్టుది.

మూడు వారాలు ఆడాక నాకు అనుమానం వచ్చింది. టీవీలో ఐరిష్ జట్టు ఆడే రగ్బీలో ఈ ఆరు లెక్క ఎక్కడా కనబడదు. ఆరా తీస్తే తేలిందేమిటంటే, ఈ ట్యాగ్ ఆట ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ కడుపున పుట్టి ఇక్కడికి వచ్చింది. ఆ సంగతి మా జట్టులో చెబితే, "లీగా? అది ఇంగ్లండులో ఉత్తరాదివాళ్ళ ఆట కదా" అని తేల్చేశారు. ఏళ్ళ తరబడి ఆడుతున్న ఆట ఎవరి బిడ్డో వాళ్ళకే తెలియదు!

అప్పటినుంచి ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. ఐర్లాండ్‌లో రగ్బీ లీగ్‌ని పెంచాలని ఎవరైనా చిన్న మూట చేత్తో పట్టుకుని వస్తే, దాన్ని ఎక్కడ విప్పమని చెప్పాలి? పెద్ద నగరంలో డబ్బిచ్చి ఆడించే క్లబ్బు పెట్టడమా, జాతీయ జట్టును నమ్ముకోవడమా, ఏడాదికో పెద్ద మ్యాచ్ తెచ్చి జనానికి చూపించడమా, లేక పార్కుల్లో వేసవి క్లబ్బులను సాకడమా? అన్నీ కలిపి చేయాలని చెప్పడం తేలికే. మూట చిన్నదైనప్పుడు ఆ మాట ఎవరికీ పనికిరాదు.

రెండు రగ్బీల సంగతి, క్లుప్తంగా

1895 ఆగస్టు 29న ఇంగ్లండులోని హడర్స్‌ఫీల్డ్‌లో, జార్జ్ హోటల్లో ఉత్తరాది క్లబ్బులు సమావేశమయ్యాయి. గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్ళు శనివారం ఆటకు వస్తే ఆ పూట కూలి పోయేది. పోయిన కూలి కట్టిస్తామని క్లబ్బులు అడిగాయి, లండన్ పెద్దలు కుదరదన్నారు. దాంతో వేరు కాపురం మొదలైంది. అలా విడిపోయిన శాఖే రగ్బీ లీగ్. పాత శాఖ రగ్బీ యూనియన్, టీవీలో ఐరిష్ జట్టు ఆడేది అదే. 1906లో జట్టును 15 మంది నుంచి 13కి తగ్గించారు. దొరికిన ఆటగాడు లేచి కాలితో బంతిని వెనక్కి నెట్టే పద్ధతి కూడా అప్పుడే వచ్చింది. కింద పడ్డ బంతి కోసం యూనియన్ రగ్బీలో జరిగే కుమ్ములాట ఇందులో లేదు, గీత పక్కన మనిషిని పైకెత్తి బంతి అందుకోవడమూ లేదు. మిగిలేది పరుగు, పట్టు, మళ్ళీ పరుగు. చెడుగుడు చూసి పెరిగినవాళ్ళకి యూనియన్ కంటే లీగే ముందు అర్థమవుతుందని నా నమ్మకం. నా విషయంలో అదే జరిగింది.

నేల ఎవరిది?

విత్తనం సంగతి తర్వాత, ముందు నేల చూడాలి. ఇంగ్లండు ఉత్తరాన లీగ్ పాతుకుపోవడానికి కారణం అక్కడో ఖాళీ ఉండడం. పెద్దింటి పిల్లల బడుల్లో పుట్టిన యూనియన్ రగ్బీ కూలివాడి జేబు పట్టించుకోలేదు, ఆ ఖాళీలో లీగ్ మొలిచింది. ఐర్లాండ్‌లో అలాంటి ఖాళీ లేదు. రైతుకీ కూలివాడికీ పల్లెకీ ఆట చూపించే పనిని, గేలిక్ ఫుట్‌బాల్ లాంటి సొంత ఐరిష్ ఆటలు నడిపే గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ 1884లోనే, అంటే హడర్స్‌ఫీల్డ్ సమావేశానికి పదకొండేళ్ళు ముందే, నెత్తికెత్తుకుంది. ప్రతి పారిష్‌కీ (ఒక చర్చి కిందికి వచ్చే ఊరికీ) ఒక క్లబ్బు, ఆటగాడికి జీతం లేదు, తాత ఆడిన చొక్కానే మనవడూ తొడుక్కుంటాడు. పరాయి ఆటలు ఆడినవాళ్ళను 1971 వరకూ ఆ సంస్థ వెలివేసేది కూడా. నగరాల్లో మిగిలిన చోటును సాకర్ ఆక్రమించింది.

యూనియన్ రగ్బీ మొదట్లో డబ్లిన్ ఫీజుల బడుల చుట్టూనే తిరిగేది. లిమరిక్ ఒక్కటే దీనికి మినహాయింపు, అక్కడది రేవు కూలీల ఆట కూడా. 1995లో యూనియన్ కూడా జీతాల ఆటగా మారాక లెన్‌స్టర్, మన్‌స్టర్, అల్‌స్టర్, కానక్ట్ అనే నాలుగు ప్రాంతాల జట్లు ఊళ్ళకి ఊళ్ళనే వెంటేసుకుని తిరగసాగాయి. 2009, 2018, 2023లో జాతీయ జట్టు గ్రాండ్ స్లామ్ కొట్టింది, అంటే ఏటా జరిగే ఆరు దేశాల పోటీలో అన్ని మ్యాచులూ గెలిచింది. ఇక్కడో వింత ఉంది. 2023 జట్టుకి శిక్షకుడు ఆండీ ఫారెల్. ఒకప్పుడు ఇంగ్లండు క్లబ్బు విగన్‌కీ గ్రేట్ బ్రిటన్‌కీ రగ్బీ లీగ్ కెప్టెన్! లీగ్‌లో ఉన్న తెలివిని ఐరిష్ యూనియన్ డబ్బిచ్చి తెచ్చుకుంది. ఆట మాత్రం గుమ్మం బయటే ఉండిపోయింది.

కాబట్టి నా లెక్క ఇది: ఐర్లాండ్‌లో రగ్బీ లీగ్ ఎవరికీ మొదటి ఆట కాలేదు. రెండో ఆట కావచ్చు. ఈ ఒక్క మాట ఒప్పుకుంటే దారులన్నీ వేరుగా కనబడతాయి. ఒప్పుకోనివాళ్ళు సాధారణంగా ఈ కింది దారినే పడతారు.

డబ్లిన్‌లో ప్రొఫెషనల్ క్లబ్బు

వినడానికి ఇదే అన్నిటికంటే బాగుంటుంది, కాగితం మీద కూడా బలంగానే కనబడుతుంది. డబ్లిన్ నుంచి మాంచెస్టర్‌కి విమానంలో గంట ప్రయాణం. ఇంగ్లండు కేంద్రంగా నడిచే పై అంచె లీగ్ పోటీ సూపర్ లీగ్. దాని జట్లు ఏటా వెళ్ళివచ్చే, ఫ్రాన్స్‌లోని పెర్పిన్యా దీనికంటే చాలా దూరం. బ్రిటన్, ఐర్లాండ్ పౌరులు ఒకరి దేశంలో ఒకరు వీసా లేకుండా బతకవచ్చు, పని చేయవచ్చు. బ్రెగ్జిట్ కూడా ఆ ఏర్పాటును కదల్చలేదు. కాబట్టి ఇంగ్లండు ఆటగాడిని డబ్లిన్‌కి తేవడానికి కాగితాల బెడద లేదు. మైదానం కావాలంటే టాలా స్టేడియం ఉంది, సుమారు పదివేలమంది పడతారు.

అయితే ఇంతకుముందు ఈ దారిన నడిచినవాళ్ళ అడుగులు చూడండి. 1996 మార్చి 29న సూపర్ లీగ్ చరిత్రలో తొట్టతొలి మ్యాచ్ పారిస్‌లో జరిగింది. చార్లెటీ మైదానానికి 17,873 మంది వచ్చారు, పారిస్ సెయింట్ జెర్మైన్ జట్టు షెఫీల్డ్ ఈగిల్స్‌ని 30-24తో ఓడించింది. పండగలా ఉంది కదా? ఇల్లు అలకగానే పండగ కాదు. 1997 సీజన్ తర్వాత ఆ జట్టే లేదు.

డబ్లిన్‌కి దగ్గరి పోలిక వేల్స్‌లో ఉంది. యూనియన్ రగ్బీ ఊపిరిగా బతికే బ్రిజెండ్ ఊళ్ళో 2006లో సెల్టిక్ క్రూసేడర్స్ మొదలై, 2009కల్లా సూపర్ లీగ్‌లోకి ఎక్కేసింది. ఆ ఏడాదే పట్టికలో అట్టడుగున నిలిచింది. వీసా తప్పుల వల్ల ఆరుగురు ఆస్ట్రేలియన్లు దేశం వదలాల్సి వచ్చింది. మరుసటి ఏడు ఆ చివర ఉన్న రెక్సమ్‌కి మకాం మార్చారు. 2011తో కథ ముగిసింది. మూడేళ్ళలో రెండు ఊళ్ళలో ఆడిన జట్టును ఏ పిల్లాడు నా జట్టు అనుకుంటాడు?

టొరంటో కథ వేరు. అక్కడ జనానికి కొదవలేదు. 2017లో మూడో అంచెలో మొదలుపెట్టి 2020కి సూపర్ లీగ్ చేరారు, న్యూజిలాండ్ రగ్బీ తార సోనీ బిల్ విలియమ్స్‌ని కూడా తెచ్చుకున్నారు. టీవీ డబ్బులో వాటా మాత్రం దక్కలేదు, మొత్తం భారం ఒక యజమాని జేబు మీదే. కోవిడ్ రాగానే ఆ జేబు ఖాళీ అయింది. జూలైలో జట్టు తప్పుకుంది, నవంబరులో తిరిగి చేర్చుకోమంటే మిగతా క్లబ్బులు కాదన్నాయి.

ఇంగ్లండు బయట నిలదొక్కుకున్నది పెర్పిన్యా వాళ్ళ కాటలన్స్ డ్రాగన్స్. 2006లో సూపర్ లీగ్‌లో చేరి, 2018లో చాలెంజ్ కప్ గెలిచింది, ఇంగ్లండు బయటి క్లబ్బు ఆ కప్పు ఎత్తడం అదే మొదలు. దీన్ని చూపించి డబ్లిన్‌లోనూ సాధ్యమే అనేవాళ్ళు ఒకటి మరిచిపోతారు. ఆ ప్రాంతంలో పదమూడు మంది ఆట 1930ల నుంచీ ఉంది. రెండు పాత క్లబ్బులు 2000లో కలిస్తే పుట్టిన జట్టది. అక్కడ వేరు ముందు, కొమ్మ తర్వాత. డబ్లిన్‌లో వేరు లేకుండా కొమ్మ నాటడాన్ని మన భాషలో నేల విడిచి సాము చేయడం అంటారు.

ఇప్పుడు ఇంకో చిక్కు కూడా వచ్చింది. సూపర్ లీగ్ టీవీ ఒప్పందం విలువ 2021 తర్వాత సుమారు సగానికి పడిపోయింది. పైగా క్లబ్బులకు మార్కులు వేస్తున్నారు: ఎంతమంది అభిమానులు, ఖాతాలు ఎలా ఉన్నాయి, స్టేడియం ఎవరిది, చుట్టుపక్కల జనాభా ఎంత. 2026లో జట్లను 12 నుంచి 14కి పెంచితే, ఒక పాత జట్టు బయటికి పోగా లోపలికి వచ్చినవి యార్క్, బ్రాడ్‌ఫర్డ్, టూలూజ్. ముగ్గురూ ఏళ్ళ తరబడి ఈ తలుపు దగ్గరే నిలబడ్డవాళ్ళు. సున్నా నుంచి మొదలయ్యే ఐరిష్ క్లబ్బు వాళ్ళ వెనక ఎక్కడ నిలబడుతుందో ఊహించుకోండి.

ఎవరైనా కోటీశ్వరుడు పదేళ్ళపాటు నష్టం భరిస్తానని రాతపూర్వకంగా ముందుకొస్తే కాదనక్కర్లేదు. అయినా మూడో అంచెలో మొదలుపెట్టమని చెబుతాను.

తాతల చొక్కా: జాతీయ జట్టు దారి

ఈ దారి గురించి ఐర్లాండ్‌లో వాదనలు ఎక్కువ, నాకు ఇష్టమైన కథలూ ఇందులోనే ఉన్నాయి.

ఐర్లాండ్ లీగ్ జట్టు తొలి మ్యాచ్ ఐర్లాండ్‌లో జరగలేదు! 1995లో సెయింట్ ప్యాట్రిక్ పండగ నాడు వాషింగ్టన్‌లో అమెరికాతో ఆడి 24-22తో గెలిచింది. అదే ఏడు వర్ధమాన దేశాల పోటీలో ఫైనల్ దాకా వెళ్ళి కుక్ ఐలాండ్స్ చేతిలో ఓడింది. 2000 ప్రపంచ కప్‌లో గ్రూపు మ్యాచులు మూడూ గెలిచి, క్వార్టర్ ఫైనల్లో ఇంగ్లండ్‌ని వణికించి 26-16తో ఓడింది. 2008లో టోంగా, సమోవా ఉన్న గ్రూపులో మొదటి స్థానం. 2017లో ఇటలీనీ వేల్స్‌నీ ఓడించి కూడా పోటీ నిర్మాణం పుణ్యమా అని ఇంటిదారి పట్టింది. 2022లో జరిగిన ప్రపంచ కప్‌లో జమైకాని 48-2తో చిత్తు చేసింది.

పదిమంది కూడా గుర్తుపట్టని ఆటకు ఇన్ని విజయాలా అనిపిస్తుంది. జట్టు జాబితా చూస్తే రహస్యం తెలుస్తుంది. విడ్నెస్, ఓల్డమ్, సిడ్నీ, బ్రిస్బేన్... టెర్రీ ఓకానర్, బారీ మెక్‌డెర్మట్ ఇంగ్లండులో పుట్టినవాళ్ళు. ల్యూక్ రికెట్సన్, కెవిన్ క్యాంపియన్ ఆస్ట్రేలియన్లు. 2022లో ఆడిన ల్యూక్ కియరీ క్వీన్స్‌లాండ్‌లో పుట్టాడు. తల్లిదండ్రులో, తాతామామ్మలో ఐరిష్‌వాళ్ళయితే చాలు, ఈ చొక్కా తొడుక్కునే హక్కు వస్తుంది.

ఎరువు సొమ్ము బరువు చేటు అని దీన్ని తీసిపారేసేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. కరువుకీ పేదరికానికీ తాళలేక లాంకషైర్ మిల్లులకీ ఆస్ట్రేలియా రేవులకీ వెళ్ళిపోయిన మనుషులే ఐర్లాండ్ చరిత్రలో సగం. ఆ మిల్లుల ఊళ్ళలోనే లీగ్ పెరిగింది. మనవడు తాతగారి చొక్కా అడిగితే అది అరువు ఎలా అవుతుంది? అమెరికాలో పుట్టిన తెలుగింటి పిల్లలు తాతగారి ఊరి పేరు చెప్పుకుని మురిసిపోవడం మనం చూడలేదా?

నాకున్న అభ్యంతరం వేరు. గాల్వేలో టీవీ చూస్తున్న పన్నెండేళ్ళ కుర్రాడికి ఈ జట్టులో తన వీధి నుంచి వెళ్ళినవాడు కనబడడు. వెళ్ళే దారి ఎక్కడుందో కూడా కనబడదు. కనబడిన ఒకే ఒక్క గట్టి ఉదాహరణ బ్రయన్ కార్నీ. ఐర్లాండ్‌లో గేలిక్ ఫుట్‌బాల్ ఆడుతూ పెరిగిన మనిషి, 1999లో ఇంగ్లండు లీగ్ క్లబ్బు గేట్స్‌హెడ్ థండర్‌కి వెళ్ళాడు, తర్వాత విగన్, గ్రేట్ బ్రిటన్, ఆస్ట్రేలియాలో న్యూకాజిల్ నైట్స్. చివరికి మన్‌స్టర్‌కి వచ్చి 2007లో యూనియన్‌లోనూ ఐర్లాండ్‌కి ఆడాడు. గేలిక్ ఫుట్‌బాల్ ఆడేవాడికి గాల్లో బంతి అందుకోవడం, పరుగులో తప్పించుకోవడం చిన్నప్పుడే వచ్చేస్తాయి. లీగ్‌లో వింగ్ మీద ఆడేవాడికి అంతకంటే ఏం కావాలి? అలాంటి కుర్రాళ్ళను ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ వాళ్ళు ఎప్పుడో కనిపెట్టారు. డబ్లిన్ కుర్రాడు జిమ్ స్టైన్స్ 1991లో వాళ్ళ ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో పతకం గెలిచాడు, కెర్రీవాడు టైగ్ కెనెలీ 2005లో సిడ్నీ స్వాన్స్‌తో ఛాంపియన్ అయ్యాడు. లీగ్ వాళ్ళు మాత్రం కార్నీ తర్వాత ఆ బావిలో మళ్ళీ చేద వేయలేదనే చెప్పాలి.

ఇంకో ప్రమాదం 2026 ప్రపంచ కప్ విషయంలో బయటపడింది. పురుషుల జట్లను 16 నుంచి 10కి కుదించారు. ఐర్లాండ్ ఆ పదిలో లేదు. జాతీయ జట్టు మీదే ఆశలన్నీ పెట్టుకుంటే ఇదే గతి: ఎక్కడో సమావేశంలో ఎవరో ఒక అంకె మారిస్తే మీ దుకాణం షట్టర్ దిగిపోతుంది.

అలాగని జట్టును వదిలేయమనడం లేదు. దాని మీద కొత్తగా డబ్బు పోయకుండా ఒక నియమం మార్చమంటాను. ప్రతి మ్యాచ్‌కీ జట్టులో కొన్ని చోట్లు ఐర్లాండ్ క్లబ్బుల్లో ఆడేవాళ్ళకే ఉంచాలి, చిన్న దేశాలతో ఆడే స్నేహపూర్వక మ్యాచులకు పూర్తిగా వాళ్ళనే పంపాలి. కొన్ని మ్యాచులు ఓడిపోతారు, ఓడిపోనివ్వండి.

పెద్ద మ్యాచ్ తెచ్చి చూపించడం

దీని గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. 2013 నవంబరు 9న లిమరిక్‌లోని థామండ్ పార్క్‌లో ఐర్లాండ్, ఆస్ట్రేలియా ప్రపంచ కప్ మ్యాచ్ జరిగింది. పాతికవేలమంది పట్టే మైదానంలో వచ్చినవాళ్ళు సుమారు ఐదువేలు. ఆస్ట్రేలియా 50-0తో గెలిచింది. అదే మైదానంలో 1978లో మన్‌స్టర్ 12-0తో న్యూజిలాండ్ ఆల్ బ్లాక్స్‌ని ఓడించింది. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నానని చెప్పుకునే లిమరిక్‌వాళ్ళందరినీ కలిపితే మైదానం నాలుగుసార్లు నిండుతుందని అక్కడి హాస్యం. జ్ఞాపకాలు అంత బరువుగా ఉన్న చోటికి పరాయి ఆటను తెచ్చి, అర్ధ సెంచరీతో ఓడించి పంపితే మర్నాడు బంతి పట్టుకుని పార్కుకి ఎవరు వెళతారు? వెళదామన్నా ఏ పార్కుకి? మ్యాచ్ చూసి ఉత్సాహపడ్డ పిల్లాడికి మరుసటి ఆదివారం చేరడానికి దగ్గర్లో ఒక క్లబ్బు ఉంటేనే ఈ ఖర్చుకి అర్థం. అంతవరకూ మూటలోంచి ఒక్క యూరో కూడా ఇటు వద్దు.

వేసవి క్లబ్బులు: మురిపెం తక్కువ, పని ఎక్కువ

ఐర్లాండ్ గడ్డ మీద లీగ్ క్లబ్బుల కథ 1989లో డబ్లిన్ బ్లూస్‌తో మొదలైంది. ఆ తర్వాత వచ్చిన పేర్లు వింటేనే సరదాగా ఉంటుంది: గాల్వే ట్రైబ్స్‌మెన్, కార్క్ బుల్స్, కార్లో క్రూసేడర్స్, లిమరిక్‌లో ట్రీటీ సిటీ టైటన్స్, ఉత్తర ఐర్లాండ్‌లో సిడ్నీ జట్టు పేరు అరువు తెచ్చుకున్న బాలినహించ్ రాబిటోస్. వీటిలో కొన్ని నిలిచాయి, కొన్ని మాయమయ్యాయి. ఇలాంటి క్లబ్బు ఆయుష్షు సాధారణంగా ఒక మనిషి ఓపిక మీద ఆధారపడుతుంది. చొక్కాలు ఉతికేదీ, బస్సు మాట్లాడేదీ, వాట్సాప్ గ్రూపులో బతిమాలేదీ అతనే. అతనికి పెళ్ళయినా, మెల్‌బోర్న్‌లో ఉద్యోగం వచ్చినా క్లబ్బు కూడా అతనితో పాటే వెళ్ళిపోతుంది.

మరి ఇంత బలహీనమైన దారిని నేనెందుకు ఎంచుకుంటున్నాను? క్యాలెండరు వల్ల. యూనియన్ క్లబ్బుల సీజన్ సెప్టెంబరులో మొదలై వసంతంతో ముగుస్తుంది. మే నుంచి ఆగస్టు దాకా వేలాదిమంది రగ్బీ తెలిసిన కుర్రాళ్ళు జిమ్ముల్లో బరువులెత్తుకుంటూ కాలం గడుపుతారు. లీగ్ సీజన్ సరిగ్గా ఆ నెలల్లోనే నడుస్తుంది. గేలిక్ ఆటగాళ్ళు మాత్రం ఆ నెలల్లో దొరకరు. 2022 నుంచి కౌంటీ పోటీలు జూలైకల్లా ముగించి, ఆ వెంటనే సొంత క్లబ్బుల పోటీల్లోకి దించుతున్నారు. కాబట్టి కార్నీ లాంటివాళ్ళ కోసం గేలిక్ క్లబ్బుల గేటు దగ్గర కాపు కాయడం కంటే, యూనియన్ మూడో జట్టులో చోటు దొరకని ఇరవై రెండేళ్ళ కుర్రాడి కోసం చూడడం తెలివైన పని.

యూనియన్ క్లబ్బులు ఒప్పుకుంటాయా? 1995కి ముందైతే ఈ ప్రశ్నే తప్పు. 1970లో డెర్రీకి చెందిన ఐర్లాండ్ ఆటగాడు కెన్ గుడాల్ లీగ్‌లో వర్కింగ్టన్ టౌన్‌కి వెళ్ళాడు. అప్పట్లో అలా వెళ్ళినవాడికి యూనియన్ తలుపు శాశ్వతంగా మూసుకున్నట్టే. ఇప్పుడు ఆ పగలు లేవు. ట్యాకిల్ చేయడం బాగా నేర్చుకుని, వేసవంతా పరిగెత్తి, సెప్టెంబరుకి సిద్ధంగా తిరిగొచ్చే ఆటగాడిని ఏ యూనియన్ శిక్షకుడు కాదంటాడు? దెబ్బలు తగిలించుకుని వస్తాడేమోనని భయం ఉంటుంది, అది న్యాయమైన భయమే. బీమా కాగితం చూపించి మాట్లాడాలి. మైదానం అద్దెకు తీసుకుంటే వేసవిలో ఖాళీగా ఉండే బార్‌కి కూడా నాలుగు డబ్బులొస్తాయన్నది ఇంకా బాగా పనిచేసే మాట.

ఈ దారికి ట్యాగ్ పక్క గుమ్మం. డబ్లిన్‌లో వేసవి సాయంత్రాల్లో వేలమంది, సగానికి సగం ఆఫీసు మనుషులు, ఆడా మగా కలిసి, లీగ్ అని తెలియకుండానే లీగ్ లెక్క ఆడుతున్నారు. వాళ్ళందరినీ 13 మంది ఆటలోకి దించాలనుకుంటే భంగపాటు తప్పదు. చాలామంది అక్కడికి వచ్చేది తర్వాత తాగే బీరు కోసం. వందలో ఐదుగురు చాలు. వాళ్ళకి ట్యాగ్‌కీ పదమూడుకీ మధ్య ఒక మెట్టు కావాలి. ఆ మెట్టు నైన్స్: తొమ్మిదిమంది, ఒక్కో సగం తొమ్మిది నిమిషాలు, ఒక్క శనివారంలో టోర్నమెంటు పూర్తి. పదమూడు మందీ బెంచీ పోగుచేయలేని ఊరు కూడా తొమ్మిదిమందిని తేగలదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇన్ని చెప్పాక మొదటి యూరో బంతులకో చొక్కాలకో అనుకుంటారు. కాదు, రిఫరీకి. లీగ్‌లో ప్రతి పట్టు తర్వాతా కాపాడుకునే జట్టు పది మీటర్లు వెనక్కి వెళ్ళాలి. ఆ పది మీటర్లు కొలిచేది రిఫరీ కళ్ళే. యూనియన్‌లో ఈల ఊదడం నేర్చుకున్నవాడు వచ్చి ఆ దూరాన్ని ఆరుకో ఏడుకో కుదిస్తే, పట్టుబడ్డవాడి మీద పడుకున్నవాళ్ళను త్వరగా లేపకపోతే, ఆట బురదలో ఎడ్లబండిలా తయారవుతుంది. మొదటిసారి వచ్చిన ఆటగాడు, "ఇదేనా లీగ్, ఒకరి మీద ఒకరు పడడమేనా" అనుకుని మళ్ళీ రాడు. దేశంలో మంచి రిఫరీలు పదిమంది ఉంటే వారానికి పది మ్యాచులు చూడదగ్గవిగా ఉంటాయి. ఒక యువకుడిని యార్క్‌షైర్ పంపి అక్కడి అమెచ్యూర్ పోటీల్లో ఒక సీజన్ ఈల ఊదించడానికయ్యే ఖర్చు, ఒక ఆస్ట్రేలియన్ ఆటగాడికి ఒక నెల ఇచ్చే జీతం కంటే తక్కువే ఉంటుంది. రెండో యూరో బస్సులకి. కార్క్ నుంచి బెల్‌ఫాస్ట్‌కి వెళ్ళి ఆడి రావడం అంటే ఒక రోజంతా రోడ్డు మీదే, ఈ దూరమే చిన్న క్లబ్బులను చంపుతోంది. ఉత్తరాదివాళ్ళు ఉత్తరాన, దక్షిణాదివాళ్ళు దక్షిణాన ఆడి, ఆగస్టులో ఒక్కసారి కలిస్తే చాలు.

చక్రాల కుర్చీ ఆట

దీన్ని దయ పద్దులో వేసి పక్కన పెట్టేవాళ్ళు తప్పు చేస్తున్నారు. వీల్‌చైర్ రగ్బీ లీగ్‌లో వైకల్యం ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు, ఆడవాళ్ళు, మగవాళ్ళు ఒకే జట్టులో ఆడవచ్చు. జట్టుకి ఐదుగురు. భుజాల మీద పట్టీలు ఉంటాయి, అవి లాగితే పట్టుబడ్డట్టు. మళ్ళీ మన ట్యాగే! హాల్లో ఆడతారు కాబట్టి వేసవి కోసం ఎదురుచూడక్కర్లేదు, చలికాలంలో లీగ్ పేరు ఊళ్ళో వినబడేది దీనివల్లే. ఐర్లాండ్ జట్టు 2022లో జరిగిన వీల్‌చైర్ ప్రపంచ కప్‌లో ఆడింది కూడా. ఖరీదంతా కుర్చీలది. స్పాన్సరు దొరికే అవకాశం కూడా అన్నిటికంటే దీనికే ఎక్కువని నా అంచనా. కంపెనీలు తమ పేరు కుర్చీ మీద రాయించుకోవడానికి వెనకాడవు.

ఇంతకీ మీరెవరు?

మీరు ఇంగ్లండు క్లబ్బు యజమాని అయితే, డబ్లిన్‌లో జట్టు కొనే ఆలోచన మానుకుని అక్కడ ఆటగాళ్ళను వెతికే స్కౌటు ఒకణ్ణి పెట్టుకోండి. వేసవిలో రెండు నెలలు తిరిగితే చాలు. యూనియన్ అకాడమీల నుంచి ఇరవై ఏళ్ళకే బయటపడ్డ కుర్రాళ్ళు ఏటా కొందరు ఉంటారు. వాళ్ళలో ఒక్కడు సూపర్ లీగ్‌లో ఆడినా, పారిస్‌లో పోసిన డబ్బు చేయని పని వాడు చేస్తాడు.

మీరు ఒక యూనియన్ క్లబ్బు కార్యదర్శి అయితే ఇందులో మీకు నష్టం లేదు. మే నుంచి ఆగస్టు వరకు మైదానం అద్దెకివ్వండి. మీ మూడో జట్టులో సగంమంది ఆసక్తి చూపిస్తారు.

ఊరు ఎంచుకోవాల్సి వస్తే నేను డబ్లిన్‌లో రెండు మూడు క్లబ్బులు, బెల్‌ఫాస్ట్ చుట్టుపక్కల రెండు చూసుకుని, కొన్నేళ్ళు అక్కడితో ఆగుతాను. లిమరిక్ మీద చాలామందికి మోజు: కూలీల రగ్బీ ఊరు కాబట్టి కూలీల ఆట అతుకుతుందని. నాకు తారుమారుగా అనిపిస్తుంది. ఆ ఊరికి కావలసిన ఆట వాళ్ళకి మన్‌స్టర్ రూపంలో దొరికేసింది, ఆకలి లేని ఇంట్లో వడ్డించి ఏం లాభం? డబ్లిన్‌లో ఊళ్ళోంచి వచ్చి పడ్డవాళ్ళు, పరాయి దేశాలవాళ్ళు ఎక్కువ. వాళ్ళకి పారిష్ క్లబ్బు లేదు, బడి చొక్కా లేదు. రెండో ఆట కాదు, అసలు ఏదో ఒక ఆట కోసం వెతుక్కునేవాళ్ళు. హైదరాబాద్ నుంచి, సావో పాలో నుంచి వచ్చి నాతోపాటు పట్టీలు కట్టుకుంటున్నది వాళ్ళే.

మీరూ అలా డబ్లిన్‌లో ఉంటే, ఖర్చు లేకుండా చూసి రావడానికి దగ్గరి దారి ఏదో ఒక ట్యాగ్ జట్టే. పోయిన నెల మా జట్టులో ఒక మాట పెట్టాను, ఆగస్టు చివరి శనివారం నైన్స్ ఆడి చూద్దామా అని. పద్నాలుగు మందిలో నలుగురు చేతులెత్తారు. నిజంగానే కింద పడేస్తారా అని ముగ్గురు అడిగారు. మిగతావాళ్ళు ఆ వారం స్పెయిన్‌లో ఉంటారట. మోకాలు సాకుగా చూపి నేను ఆడనన్నాను. అయితే ఈల నువ్వే ఊదు అన్నారు. పది మీటర్లంటే ఎన్ని అడుగులో ఇప్పుడు పార్కులో నడిచి కొలుచుకుంటున్నాను.